గీతకు అటూ ఇటూ: అమెరికాలో రంగు, వర్గం, రాజకీయం

(మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



డిగ్రీ కాలేజీలో మాకు చరిత్ర చెప్పేటప్పుడు మాస్టారికి ఒక అలవాటుండేది. ఏ చట్టం గురించి చెప్పినా, అది వచ్చిన మర్నాడు ఎవరి ఇంట్లో ఏం మారిందని అడిగేవారు. పరీక్షలో ఆ ప్రశ్న రాదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అమెరికా మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు ఆ ప్రశ్ననే వెంట తీసుకెళ్దామనుకున్నాను.

అమెరికా మనకు కొత్త దేశమేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్ళినా, ఏ వీధిలో అడిగినా, ఎవరో ఒకరి పిల్లలు అక్కడ ఉంటారు. అయినా ఆ దేశం మనకు రెండు ముక్కలుగానే తెలుసు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశాక మా తరం చదివిన బానిసత్వపు అమెరికా ఒకటి. వాట్సాప్‌లో గృహప్రవేశం ఫొటోలతో వచ్చే అమెరికా ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో మనం పెద్దగా పట్టించుకోలేదు. అందుకే వాదన వచ్చినప్పుడు మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులుంటాయి. అంతా వర్గమే, రంగు పైపూత అని ఒకరంటారు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు, మనవాళ్ళు రాలేదా అని ఇంకొకరంటారు.

నేను చెప్పదలచుకున్నది ఇది. అక్కడి పేద తెల్లవాడికీ పేద నల్లవాడికీ మధ్య ఉన్న గీత దానంతటది పుట్టలేదు. వాళ్ళు కలిసినప్పుడూ, కలుస్తారన్న భయం కలిగినప్పుడూ, చట్టం చేసి మరీ గీశారు. గీతకు ఇటువైపు నిలబడ్డందుకు పేద తెల్లవాడికి ఒక వాటా ముట్టింది. అది వట్టి భ్రమ అనుకుంటే పొరపాటు. ఒక కాలంలో ఆ వాటా తుపాకీ, ఇంకో కాలంలో సొంత ఇల్లు. ఇవాళ వాటా కరిగిపోయింది, గీత మాత్రం ఉంది. ఇప్పటి అమెరికా రాజకీయాల్లో కనిపించే కోపానికి అదొక ముఖ్యమైన మూలం.

మొక్కజొన్న, తుపాకీ

పదిహేడో శతాబ్దంలో వర్జీనియా పొగాకు తోటల్లో ఇంగ్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన తెల్ల కూలీలూ ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చినవాళ్ళూ పక్కపక్కనే పనిచేసేవాళ్ళు. కలిసి తినేవాళ్ళు, కలిసి పారిపోయేవాళ్ళు. 1676లో నథానియల్ బేకన్ అనే భూస్వామి గవర్నర్ విలియం బర్క్‌లీ మీద తిరగబడ్డాడు. అతన్ని వీరుణ్ణి చేయనక్కర్లేదు. స్థానిక ఆదివాసుల మీద దాడులకు గవర్నర్ అనుమతి ఇవ్వట్లేదన్నది అతని ప్రధాన ఫిర్యాదు. కానీ ఆ గొడవలోకి కూలీలూ బానిసలూ దిగారు. సెప్టెంబరులో రాజధాని జేమ్స్‌టౌన్ తగలబడింది. అక్టోబరులో బేకన్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఆయుధాలు దించనివాళ్ళలో సుమారు 80 మంది ఆఫ్రికన్లు, 20 మంది ఇంగ్లీషు కూలీలు ఒకే దండుగా నిలబడ్డారు. దొరలకు నిద్రపట్టనివ్వని దృశ్యం అది.

తర్వాతి ముప్పై ఏళ్ళలో వర్జీనియా శాసనసభ ఏం చేసిందో చూడండి. 1691లో తెల్లవారు నల్లవారిని గానీ ఆదివాసులను గానీ పెళ్ళాడితే వలసరాజ్యం నుంచి బహిష్కారమని చట్టం చేశారు. 1705లో వరసగా అన్నీ ఒకచోట చేర్చారు. ఒప్పందం ముగిసిన తెల్ల మగ కూలీకి యజమాని పది బుషెళ్ళ మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఇరవై షిల్లింగులకు తక్కువ కాని తుపాకీ ఇచ్చి పంపాలి. తెల్ల క్రైస్తవ కూలీని బట్టలూడదీసి కొట్టాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. బానిస దగ్గరున్న గుర్రాన్ని, పశువును, పందిని స్వాధీనం చేసుకుని అమ్మి, ఆ డబ్బు ఆ పేరిష్‌లోని పేదలకు వాడాలి.

ఇక మాస్టారి ప్రశ్న అడగండి. మర్నాడు ఎవరింట్లో ఏం మారింది? నల్లవాడి గుడిసె వెనక పెరిగిన పంది సంతకు పోయింది. ఆ డబ్బు పేదల ఖాతాలో పడింది. పెద్ద తోట యజమాని జేబులోంచి పోయింది కాస్త మొక్కజొన్న, ఒక తుపాకీ. నిన్నటిదాకా పక్కన పనిచేసినవాడి మీద కాపలాకు ఆ తుపాకీ పనికొచ్చింది.

బేకన్ తిరుగుబాటు ఒక్కటే దీనంతటికీ కారణం అనను. ఇంగ్లండ్ నుంచి కూలీల రాక తగ్గింది, బానిసలతో వచ్చే ఓడలు పెరిగాయి. కానీ బానిసత్వాన్ని రంగుతో ముడిపెట్టి, పేదలను రెండుగా విడదీసి, ఒకరికి వాటా ఇచ్చే పద్ధతి మాత్రం ఈ చట్టాల్లో స్పష్టంగా కుదురుకుంది.

ఓటు పెట్టెలో కలిసినప్పుడు

అంతర్యుద్ధం ముగిశాక మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 1865లో బానిసత్వం రద్దయింది, 1868లో పౌరసత్వం వచ్చింది, 1870లో నల్లజాతి మగవాళ్ళకు ఓటు హక్కు వచ్చింది. భూమి మాత్రం రాలేదు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణ తీరంలో కుటుంబానికి నలభై ఎకరాల దాకా ఇమ్మని ఉత్తర్వు ఇస్తే, ఆ ఏడే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్లో చాలా భాగం పాత యజమానులకు తిప్పి ఇచ్చేశాడు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద పడమటి నేలల్లో 160 ఎకరాల చొప్పున పంచుతున్న కాలమది. ఆ నేలలు ఎవరినుంచి లాక్కున్నవో వేరే చెప్పనక్కర్లేదు.

భూమి లేని స్వేచ్ఛ పాలుకు దిగింది. విత్తనాలు, ఉప్పు, పిండి, బట్ట అన్నీ షావుకారు దగ్గర అప్పు. ఆ అప్పుకు రాబోయే పత్తి పంట తాకట్టు. పంట అమ్మాక లెక్క చూస్తే బాకీ ఇంకా మిగిలే ఉండేది. మన పత్తి రైతుకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. 1890ల్లో పత్తి ధర పడిపోయేసరికి తెల్ల పాలుదారూ అదే చిట్టాలోకి చేరాడు. అప్పుడు పుట్టింది పాపులిస్టు పార్టీ. నార్త్ కరోలినాలో తెల్ల రైతుల పాపులిస్టులు, నల్లవారి మద్దతున్న రిపబ్లికన్లు పొత్తు పెట్టుకుని 1894లో శాసనసభ గెలిచారు. వడ్డీకి 6 శాతం పరిమితి పెట్టారు, స్థానిక సంస్థలకు ఎన్నికలు తిరిగి తెచ్చారు.

దానికి జవాబు 1898 నవంబరు 10న విల్మింగ్టన్‌లో వచ్చింది. ఆ రాష్ట్రంలో అప్పటికి పెద్ద పట్టణం అది. నల్లవారు సగానికి పైగా ఉన్న ఊరు. ఆయుధాలు పట్టిన తెల్ల మూక అలెగ్జాండర్ మ్యాన్లీ నడిపే నల్లజాతి పత్రిక ఆఫీసును తగలబెట్టింది, వీధుల్లో మనుషులను కాల్చి చంపింది. ఎన్నికైన మేయర్‌తో, నగరసభ సభ్యులతో బలవంతంగా రాజీనామా చేయించింది. మూకను నడిపించిన ఆల్ఫ్రెడ్ మూర్ వాడెల్ ఆ సాయంత్రానికల్లా మేయర్ అయ్యాడు. పత్రికలో విషం కక్కి ఆ వాతావరణాన్ని తయారుచేసిన సంపాదకుడు జోసీఫస్ డేనియల్స్ తర్వాత వుడ్రో విల్సన్ మంత్రివర్గంలో నౌకాదళ శాఖ చూశాడు.

1900లో ఓటుకు అక్షరాస్యత పరీక్ష, ఓటు పన్ను వచ్చాయి. దక్షిణ రాష్ట్రాలన్నీ ఇంచుమించు ఇదే దారి పట్టాయి. లూసియానాలో 1896లో 1,30,000 పైచిలుకు నల్లజాతి ఓటర్లుంటే, 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఇక్కడ మనం తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఓటు పన్ను కట్టలేని తెల్ల పేద కూడా జాబితాలోంచి జారిపోయాడు. గీత గీసిన చేతులే గీతకు ఇటువైపు ఉన్నవాడి ఓటు కూడా తీసేశాయి. జార్జియా పాపులిస్టు టామ్ వాట్సన్ 1892లో నల్ల, తెల్ల రైతులు కలవాలని ఊరూరా చెప్పిన మనిషి. పదేళ్ళు తిరిగేసరికి జాతి ద్వేషానికి పెద్ద గొంతు అయ్యాడు. ఓడిపోయిన ఐక్యత ఒక్కోసారి ఎంత విషంగా మారుతుందో ఆయన జీవితం చెబుతుంది.

సొంత ఇల్లు

1930ల మాంద్యం తర్వాత వచ్చిన సంక్షేమ చట్టాలను మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోదగ్గవే. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధులకు పింఛను తెచ్చింది. వ్యవసాయ కూలీలను, ఇంటి పనివాళ్ళను మాత్రం అందులోంచి మినహాయించింది. దాంతో నల్లజాతి శ్రామికుల్లో మూడింట రెండు వంతుల మంది బయట ఉండిపోయారు. సంఖ్య లెక్కన చూస్తే బయట ఉన్నవాళ్ళలో తెల్లవాళ్ళే ఎక్కువ. మినహాయింపులు సవరించడానికి 1950ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంటి విషయంలో మాత్రం వాటా నిజంగానే పెద్దది. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు హామీ ఇవ్వడంతో చిన్న ఉద్యోగి కూడా ఇల్లు కొనే కాలం వచ్చింది. కానీ నల్లవారున్న పేటలను ఆ సంస్థ నష్టభయం కింద లెక్కగట్టింది. అప్పటి మరో ప్రభుత్వ సంస్థ గీసిన పటాల్లో అలాంటి పేటలకు ఎర్రరంగు వేశారు. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ కట్టడం మొదలైంది. 1949లో అక్కడ కొత్త ఇల్లు 7,990 డాలర్లు. మాజీ సైనికుడైతే ముందు పైసా కట్టనక్కర్లేదు. తెల్లవారు కానివాళ్ళు అక్కడ ఉండకూడదని మొదటి అద్దె ఒప్పందాల్లో రాసి ఉండేది. ఒకే యుద్ధంలో పోరాడి వచ్చిన ఇద్దరు సైనికుల్లో ఒకరికి ఇల్లు, ఇంకొకరికి అద్దె గది. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి ఆ ఇళ్ళ ధరలు అందనంత ఎత్తుకు పోయాయి.

2022లో ఫెడరల్ రిజర్వ్ చేసిన సర్వే ప్రకారం తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబాలది 44,900. ఇది జీతాల తేడా అయితే ఇంత ఉండదు. తాత ఇల్లు తండ్రికి, తండ్రి ఇల్లు కొడుకు చదువుకు, కొడుకు వ్యాపారానికి పూచీ కావడం వల్ల వచ్చిన తేడా ఇది. అంతా వర్గమే అనేవారికి ఇక్కడ జవాబుంది: అమెరికాలో మనిషి వర్గాన్ని తరతరాలుగా రంగే నిర్ణయిస్తూ వచ్చింది. పైగా నల్లజాతి డాక్టరును రాత్రిపూట రోడ్డు మీద ఆపే పోలీసు ఆయన జీతం చూసి ఆపడు.

ఇల్లు ఉన్నచోటే బడి. అక్కడి బడులకు డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ళ విలువ ఎక్కువున్న పేటలో బడి కలిగింది, తక్కువున్న పేటలో బడి బీద. ఇది అన్యాయమని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు వేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1973లో 5–4 తీర్పుతో కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి బోర్డుల మీద రంగు పేరు ఎక్కడా లేదు. ఇంటి పిన్‌కోడ్ ఆ పని చేస్తోంది.

పూడ్చేసిన ఈతకొలను

అలబామా రాజధాని మాంట్‌గోమరీలో ఓక్ పార్క్ అనే పెద్ద ఉద్యానవనం, అందులో ఈతకొలను. తెల్లవారికి మాత్రమే. నల్లవారిని కూడా రానివ్వాలని కోర్టు చెప్పేసరికి 1959 మొదట్లో నగరం తన పార్కులన్నీ మూసేసింది. ఆ కొలనులో మట్టి నింపేసింది. కొన్నేళ్ళకు పార్కులు తెరిచారు గానీ ఈతకొలను మళ్ళీ రాలేదు. మిసిసిపీ రాజధాని జాక్సన్‌లోనూ ఈతకొలనులు మూసేస్తే, మూత అందరికీ సమానమే కదా అని 1971లో సుప్రీంకోర్టు 5–4తో సమర్థించింది. డబ్బున్న తెల్లవాళ్ళు పెరట్లో సొంత కొలను తవ్వించుకున్నారు, లేదా క్లబ్బుల్లో చేరారు. ఎండల్లో నీళ్ళు లేకుండా పోయింది నల్ల పిల్లలకూ, పేద తెల్ల పిల్లలకూ.

ఇక్కడితో వాటా కథ మలుపు తిరిగింది. అంతకుముందు గీత పేద తెల్లవాడికి ఏదో ఒకటి ఇచ్చేది. ఇప్పుడు గీతను కాపాడుకోవడానికి అతని దగ్గరున్నది వదులుకోమంటోంది.

పేదలను మళ్ళీ కలిపే ప్రయత్నాలూ ఆ కాలంలోనే జరిగాయి. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన. చెత్త లారీలో పనిచేసే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ వానకు తలదాచుకోవడానికి లారీ వెనక చెత్త నొక్కే తొట్టెలోకి ఎక్కారు. వాళ్ళు పనిచేసే తెల్లవారి పేటల్లో ఇళ్ళ ముందు ఆగడానికి నల్ల కార్మికులకు వీలుండేది కాదు. పాత యంత్రంలో కరెంటు తప్పుగా పాకి తొట్టె కదిలింది. ఇద్దరూ నలిగి చనిపోయారు. రోజు కూలి లెక్కన పనిచేసేవాళ్ళు కనుక బీమా లేదు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పారిశుద్ధ్య కార్మికులు పని మానేశారు. వాళ్ళలో చాలామంది పూర్తికాలం పనిచేస్తూ కూడా ప్రభుత్వ సహాయానికి అర్హులయ్యేంత పేదలు. ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని రోజూ ఊరేగేవారు.

వాళ్ళకోసం వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ మార్చి 18న చెప్పిన దాని సారాంశం, హోటల్లో పక్కన కూర్చునే హక్కు వచ్చినా తిండి కొనడానికి డబ్బు లేకపోతే ఏం లాభమని. అప్పటికే ఆయన నల్లవారు, తెల్లవారు, ఆదివాసులు, మెక్సికన్లు కలిసి వాషింగ్టన్‌కు వెళ్ళే పేదల ఉద్యమాన్ని సిద్ధం చేస్తున్నారు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లోనే ఆయన హత్య జరిగింది. 16న నగరం యూనియన్‌ను గుర్తించి, కూలి పెంచింది. మరుసటి ఏడాది షికాగోలో నల్లజాతి ఉద్యమ సంస్థ బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన యువకుడు ఫ్రెడ్ హాంప్టన్ ప్యూర్టోరికన్ కుర్రాళ్ళతో, కొండ ప్రాంతాల నుంచి వలసవచ్చిన పేద తెల్ల కుర్రాళ్ళతో ఐక్య సంఘటన కట్టాడు. డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసు దాడిలో, పడుకున్న గదిలోనే చంపేశారు. వయసు 21.

వాటా లేని గీత

1964 తర్వాత జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కదాంట్లోనూ డెమొక్రాట్ అభ్యర్థికి తెల్లవారి ఓట్లలో మెజారిటీ రాలేదు. పౌరహక్కుల చట్టాల మీద దక్షిణాదిలో రేగిన కోపాన్ని రిపబ్లికన్ రిచర్డ్ నిక్సన్ నేర్పుగా వాడుకున్నాడు. 1980లో రోనాల్డ్ రీగన్, 1964లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపిన మిసిసిపీ కౌంటీలోనే సభ పెట్టి రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడాడు. రంగు పేరు ఎత్తకుండానే వినేవాళ్ళకు అర్థమయ్యే భాష అది.

తప్పంతా ఒక పార్టీ మీద వేసి చేతులు దులుపుకోవడం కుదరదు. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది డెమొక్రాట్ బిల్ క్లింటన్ హయాంలో. జైళ్ళను నింపిన నేర చట్టం, 1996లో సంక్షేమం కుదింపు కూడా ఆయన సంతకంతోనే వచ్చాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1950ల్లో కార్మికుల్లో మూడో వంతు యూనియన్లలో ఉంటే ఇప్పుడు పదో వంతే. యూనియన్ హాలు నల్ల, తెల్ల కార్మికులు వారానికోసారైనా ఒక చోట కూర్చునే అరుదైన జాగా. అది పోయాక మిగిలింది చర్చి, టీవీ, ఫోను. డెమొక్రాట్ పార్టీ క్రమంగా డిగ్రీలున్నవారి పార్టీ అయింది. కాలేజీ చదువులేని తెల్ల ఓటర్లలో సుమారు మూడింట రెండు వంతులు 2016 నుంచీ డొనాల్డ్ ట్రంప్ వెంట ఉన్నారు. 2024లో లాటినో శ్రామికులు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో అటు నడిచారు.

ఆ కోపాన్ని వట్టి జాత్యహంకారం అనేస్తే సగమే చూసినట్టు. మత్తుమందులు, తాగుడు, ఆత్మహత్యలతో నడివయసు తెల్లవారి మరణాలు పెరుగుతున్నాయని 2015లో ఆన్ కేస్, యాంగస్ డీటన్ చూపించారు. వాటా కరిగిపోయిన ఇళ్ళవి. కానీ ఆ ఇంటికి మందు దొరకనివ్వనిది కూడా గీతే. పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా విస్తరించే 2010 చట్ట నిబంధనను 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. పదేళ్ళు దాటాక కూడా పది రాష్ట్రాలు ఒప్పుకోలేదు. వాటిలో ఎక్కువ దక్షిణాదివి. నల్లవారిలో పేదరికం శాతం తెల్లవారితో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. సంఖ్యలో మాత్రం పేదల్లో తెల్లవారే పెద్ద గుంపు. ఈతకొలను మూసినప్పటి లెక్కే ఇక్కడా నడుస్తోంది.

మనవాళ్ళ సంగతి

అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కేసు 1923లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పౌరసత్వం తెల్లవారికే అన్న 1790 నాటి నియమం అప్పటికి నల్లవారికి సడలింది గానీ, భారతీయులకు కాదు. సామాన్యుడి దృష్టిలో ఇతను తెల్లవాడు కాడని కోర్టు తేల్చింది. తలుపు బాగా తెరుచుకుంది 1965 వలస చట్టంతో. అదే ఏడు ఓటు హక్కు చట్టం వచ్చింది. రెండూ ఒకే గాలికి వచ్చినవి. వీధుల్లో దెబ్బలు తిన్నది నల్లవారు, ఆ దారిన తర్వాత నడిచి వెళ్ళింది మన డాక్టర్లు, ఇంజనీర్లు.

పైగా ఆ వలస చట్టం, 1990 తర్వాత హెచ్-1బి వీసా, చదువుకున్నవాళ్ళను ఏరి తీసుకున్నాయి. జల్లెడలో మిగిలినవాళ్ళను చూపించి, కష్టపడితే అందరూ ఇలా అవుతారనడం లెక్క కాదు. ఇవాళ టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు ఇల్లు కొనేముందు మొదట చూసేది బడికి ఎంత రేటింగ్ ఉందని. తల్లిదండ్రులుగా అది సహజం. ఆ రేటింగ్ వెనక ఉన్న ఆస్తి పన్ను, దాని వెనక పాత పటం తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు. మనం తీసుకెళ్ళిన గీత కూడా ఒకటుంది. 2023లో సియాటెల్ నగరం వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేర్చాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక నిరాశతో ముగించను, ఎందుకంటే లెక్కలు అలా చెప్పడం లేదు. 2020 నవంబరులో ఫ్లోరిడా ఓటర్లు ట్రంప్‌ను గెలిపించారు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, కనీస వేతనాన్ని దశలవారీగా గంటకు 15 డాలర్లకు పెంచాలన్న ప్రతిపాదనను 60 శాతానికి పైగా ఓట్లతో నెగ్గించారు. 2018లో యూనియన్లను బలహీనపరిచే చట్టాన్ని మిజోరి ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో కొట్టేశారు. అదీ ట్రంప్ గెలిచిన రాష్ట్రమే. మనిషిని, జెండాను చూపించి ఓటు అడిగితే గీత మాట్లాడుతోంది. కూలి ఎంత ఉండాలని నేరుగా అడిగితే గీతకు రెండు వైపులా ఉన్నవాళ్ళు ఒకే జవాబు రాస్తున్నారు. రెండు పార్టీలూ ఆ ప్రశ్నను అంత సూటిగా అడగడం లేదన్నదే అక్కడి రాజకీయాల అసలు జబ్బు.

ఈ సభలో ఉన్న చాలామంది పిల్లలు ఇప్పుడు అక్కడ ఓటర్లు. వాళ్ళకు వచ్చే బ్యాలెట్‌లో అభ్యర్థుల పేర్ల కింద బడి పన్ను గురించో, ఆసుపత్రి గురించో, కూలి గురించో అప్పుడప్పుడు ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది పై పేర్లకు గుర్తుపెట్టి కిందిది ఖాళీగా వదిలేస్తారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు దాని సంగతి అడగండి. పాస్ అయితే మర్నాడు ఎవరింట్లో ఏం మారుతుందో వాళ్ళచేత చెప్పించండి. ఎవరికి ఓటు వేశారన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.